పాతదా, కొత్తదా: ఈ రాత్రికి ఏ సినిమా పెట్టుకోవాలి?

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. కిందటి సెలవుల్లో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో ‘మిస్సమ్మ’ పెట్టాను. పది నిమిషాలు ఓపిగ్గా చూసి, "మామయ్యా, ఆ రోజుల్లో అందరూ ఇంత లావుగా ఉండేవాళ్లా?" అని అడిగాడు. అప్పుడు తెరవైపు సరిగ్గా చూశాను. వాడన్నది నిజమే. సావిత్రి ముఖం పక్కలకి సాగింది. ఎన్టీఆర్ భుజాలు తలుపంత వెడల్పయ్యాయి. రిమోట్ తీసుకుని సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ మార్చాను. బొమ్మకి అటూ ఇటూ నల్లటి పట్టీలు వచ్చాయి, మధ్యలో మనుషులు మళ్లీ మనుషుల్లా నిలబడ్డారు. వాడు ఆఖరిదాకా కదల్లేదు.

అప్పట్నుంచీ ఎవరైనా "పాత సినిమాలు నావల్ల కాదు" అంటే, నేను ముందు అడిగేది ఎలాంటి ప్రింటు చూశారు, ఏ తెరమీద చూశారు అని. "ఇప్పటి సినిమాల్లో ఏముంది, అంతా గోల" అనే పెద్దవాళ్లనీ అదే అడుగుతాను. చాలాసార్లు వాళ్లకి నచ్చనిది సినిమా కాదు, అది వాళ్లదాకా చేరిన తీరు. అందుకే నేను పాతవి గొప్పవా కొత్తవి గొప్పవా అని తీర్పు చెప్పను. ఈ పూట, ఈ మనుషులతో, ఈ తెరమీద ఏది చూస్తే దక్కుతుందో చెప్తాను. రెండు కాలాల సినిమాలూ నాకు ప్రాణమే.

ముందు టీవీ సంగతి

1950ల సినిమా బొమ్మ దాదాపు నాలుగుకి మూడు కొలతలో ఉంటుంది. ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది. ఆ బొమ్మని తెర నిండా సాగదీస్తే మనిషి మూడోవంతు వెడల్పెక్కుతాడు. సాగదీయకుండా జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో పావు భాగం పోతుంది, తలలు తెగుతాయి. కాబట్టి పాత సినిమాకి పక్కల నల్లపట్టీలు ఉండాల్సిందే. "తెరంతా వాడుకోవట్లేదు" అని బాధపడొద్దు. తీసినవాళ్లు తీసినంతా కనిపిస్తోందని దానర్థం. తెలుగులో సినిమాస్కోప్ 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది. అలాంటి వెడల్పు సినిమాలకి పట్టీలు పైనా కిందా వస్తాయి, వాటినీ అలాగే ఉండనివ్వండి.

ఇంకో సెట్టింగ్ ఉంది, ఇది పాతవాటికీ కొత్తవాటికీ ఒకేలా చెరుపు చేస్తుంది. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. చాలా టీవీలు మధ్యలో లేని ఫ్రేములు తామే పుట్టించి కదలికని నున్నగా చేస్తాయి. దాంతో ఎంత పెద్ద సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా కనబడుతుంది. మోషన్ అనో స్మూత్ అనో ఉన్న ఆప్షన్ ఆపేసి, సినిమా మోడ్ పెట్టుకోండి. ‘బాహుబలి’లో జలపాతం దగ్గర ఎక్కే దృశ్యాన్ని నేను రెండు రకాలుగానూ చూశాను. మొదటిసారి సెట్టూ గ్రాఫిక్సూ విడివిడిగా కనిపించాయి. ఆ ఆప్షన్ ఆపేశాక కొండ కొండలా నిలబడింది.

నలుపు తెలుపా, రంగులేసిందా

‘మాయాబజార్’ 1957 నాటిది. 2010లో దానికి రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. ఏది చూడాలని నన్ను అడుగుతూనే ఉంటారు. నా మాట: మొదటిసారైతే నలుపు తెలుపే.

కారణం మార్కస్ బార్ట్లే. ఆ సినిమాకి ఛాయాగ్రాహకుడు. రంగు అనేది చేతిలో లేనప్పుడు ఆయన వెలుగునీ నీడనీ పట్టుకుని ప్రతి పొరనీ విడదీశాడు. పడవ పాటలో ఆ వెన్నెల ఆకాశం నుంచి పడింది కాదు, బార్ట్లే కల్పించింది. నీటిమీద తళుకు, మనుషుల అంచున సన్నటి వెలుగు గీత, వెనకాల మెత్తటి చీకటి, ఈ మూడూ నలుపు తెలుపులో ఒకదాని మీద ఒకటి తేలుతాయి. రంగు వేశాక నీలం అంతటా సమానంగా పరుచుకుంది. అందంగానే ఉంటుంది, కానీ లోతు తగ్గింది. పైగా రంగుల ప్రతి నిడివి తక్కువ. కొన్ని పాటలూ పద్యాలూ అందులో లేవు. మొదటిసారి చూసేవాళ్లు అవి లేకుండా చూడటం నాకు ఇష్టం ఉండదు.

అయినా రంగుల ప్రతిని తోసిపుచ్చను. ఏడెనిమిదేళ్ల పిల్లలు నలుపు తెలుపు అనగానే లేచి వెళ్లిపోయే ఇళ్లున్నాయి. వాళ్లకి రంగులది పెట్టండి. ఘటోత్కచుడు ఒక్కసారి పట్టుకున్నాడంటే, నాలుగేళ్ల తర్వాత నలుపు తెలుపుది వాళ్లే వెతుక్కుంటారు. ‘మొఘల్-ఎ-ఆజమ్’ సంగతి కొంచెం వేరు. 1960లో వచ్చినప్పుడే అందులో కొంత భాగం రంగుల్లో ఉంది. అద్దాల మహల్ పాట రంగుల్లోనే తీశారు. మిగతాదానికి 2004లో రంగులు చేర్చారు. అక్కడ కూడా నేను మొదట వచ్చిన రూపాన్నే ఎంచుకుంటాను. నలుపు తెలుపులోంచి ఒక్కసారిగా ఆ పాట రంగుల్లోకి తెరుచుకోవడం అనుభవించాల్సిన విషయం. మొత్తం రంగులే అయిపోతే ఆ తలుపు తెరుచుకోదు.

రంగులద్దడం వేరు, ప్రింటు బాగుచేయడం వేరు, ఈ రెండూ కలగలిపి మాట్లాడుతుంటారు. బాగుచేసిన ప్రతి దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి. ‘పథేర్ పాంచాలి’ అసలు నెగటివ్ 1993లో లండన్‌లో ఒక ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలింది. మిగిలిన ముక్కల్ని ఇటలీలోని బొలోన్యాలో ఓపిగ్గా మెత్తబరిచి, అతికి, స్కాన్ చేశారు. 2015లో ఆ కొత్త ప్రతి బయటికొచ్చింది. చిన్నప్పుడు గీతలు పడ్డ ప్రింటులో చూసి బాగుందంటే బాగుందనుకున్నాను. బాగుచేసింది చూశాక, రెల్లు పూల మధ్య పిల్లలిద్దరూ రైలుకోసం పరిగెత్తే చోట గాలి కదలడం కూడా కనిపించింది. అదే సినిమా, నాకు మాత్రం అప్పుడే మొదలైంది.

ఎంత టైముంది, ఎంత ఓపికుంది

పాత సినిమా అంటే సాగదీత, కొత్త సినిమా అంటే వేగం అని ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. ‘మాయాబజార్’ వచ్చిన 1957లోనే హాలీవుడ్‌లో ‘12 యాంగ్రీ మెన్’ వచ్చింది. 96 నిమిషాలు. దాదాపు అంతా ఒకే గదిలో. పన్నెండుమంది కూర్చుని వాదించుకుంటారు. నాకు తెలిసిన ఏ కొత్త థ్రిల్లరూ దానికంటే గట్టిగా నన్ను కుర్చీకి కట్టేయలేదు. రాత్రి పదింటికి మొదలుపెట్టి పొద్దున్నే లేవాల్సినవాళ్లకి నేను చెప్పే పాత సినిమా అదే.

అయితే తేడా లేకపోలేదు. పాత తెలుగు సినిమా కథలోకి దూకదు, ముందు మనుషుల్ని పరిచయం చేస్తుంది. ‘మాయాబజార్’ ఘటోత్కచుడి దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు పడుతుంది. ఆ లోపల ప్రియదర్శిని పెట్టె ఉంటుంది. ఎవరు తెరిస్తే వాళ్లకి ఇష్టమైనదేదో అందులో కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు! ఆ ఒక్క చిన్న ముక్కలో తర్వాత జరగబోయే కథంతా ఉంది. ఫోన్ చూస్తూ ఆ నిమిషం వదిలేస్తే, ద్వితీయార్ధంలో నవ్వు సగమే వస్తుంది. మూడు గంటల భారతకథలో పాండవులు ఒక్కసారైనా తెరమీదికి రారు, అయినా వాళ్లు లేరన్న వెలితి మనకి తోచదు. పరిచయాలమీద అంత శ్రద్ధ పెట్టారు కాబట్టే అది సాధ్యమైంది.

కొత్త సినిమా మొదటి ఐదు నిమిషాల్లోనే గాలం వేస్తుంది. అలసిపోయి ఇంటికొచ్చిన రోజు ఆ గాలమే కావాలి. అందులో తప్పేమీ లేదు. నా లెక్క ఏమిటంటే: పనిరోజు రాత్రి కొత్తది, సెలవు రోజు పొద్దున్న పాతది. పాతవాటికి ఇంటర్వెల్ గట్టిగా కడతారు కాబట్టి రెండు రోజులకి పంచుకున్నా ఇబ్బంది ఉండదు. సస్పెన్స్ సినిమా మాత్రం, ఏ కాలందైనా, ఒకే విడతలో అయిపోవాలి.

‘శంకరాభరణం’ లాంటివి ఈ లెక్కలోకి రావు. అది 1980 నాటిది, అటు బాగా పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు. ఇల్లంతా నిద్రపోయాక ఒక్కరే చూడండి.

ఎవరితో చూస్తున్నారు

నా మట్టుకు అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే.

మా అమ్మకి కొంచెం వినికిడి తగ్గింది. కొత్త సినిమా పెడితే పావుగంటకే "ఏమన్నాడు?" అని అడగడం మొదలవుతుంది, ఆ తర్వాత అడగడం కూడా మానేస్తుంది. ఆ మానేయడం నాకు బాధనిపించేది. తనకి ఇప్పటి సినిమాలు నచ్చవని చాలా కాలం అనుకున్నాం. అసలు కారణం వేరు. ఇప్పటి సినిమా ధ్వనిని హాల్లో చుట్టూ ఉన్న స్పీకర్ల కోసం కలుపుతారు, మాటలకి విడిగా మధ్య స్పీకర్ ఉంటుంది. ఇంట్లో టీవీకున్న రెండు చిన్న స్పీకర్లలోంచి అదంతా ఒక్కసారే వస్తే, మాటని బీజీఎమ్ మింగేస్తుంది. 1950ల, 60ల సినిమాలో ఆ గొడవ లేదు. ఒకరు మాట్లాడుతుంటే వెనక సంగీతం తగ్గి కూర్చుంటుంది. పైగా నాటకాల నుంచి వచ్చిన నటులు, పలుకు స్పష్టం. ఎస్వీ రంగారావు గొంతు వంటింట్లో ఉన్నా వినబడుతుంది.

కాబట్టి వినికిడి తగ్గినవాళ్లతో అయితే పాతది నిశ్చింతగా పెట్టండి. కొత్తదే చూడాలనుకుంటే ఆడియోలో చుట్టూ స్పీకర్ల కోసమున్న 5.1 కాకుండా రెండు స్పీకర్ల స్టీరియో ఎంచుకోండి, టీవీలో మాటల్ని పెంచే మోడ్ ఉంటే ఆన్ చేయండి, తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటే అవీ పెట్టండి. మేం అలా ‘బలగం’ పెట్టాం. అది 2023 నాటిది, తెలంగాణ యాసలో నడుస్తుంది. అమ్మ ఒక్క మాటా వదల్లేదు. చివర్లో బుడగజంగాల కథ వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. ఇప్పటి సినిమాల్లో ఏముంది అనేవాళ్లకి నేను మొదట చూపించేది అదే. మనిషి ఇంట్లో మాట్లాడే మాట అచ్చంగా తెరమీదికి రావడం మన కొత్త సినిమా సాధించిన పెద్ద సంగతి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఎక్కువమంది అంతకుముందు నటనే ఎరగనివాళ్లు. పాత సినిమాల్లో ఆ ఊరి మాటకి హాస్యగాళ్ల దగ్గరే చోటుండేది. ఇక్కడ ప్రేమా దుఃఖమూ కూడా ఆ మాటలోనే నడిచాయి.

పిల్లలతో అయితే రెండువైపులా జాగ్రత్త కావాలి. కొత్తవాటికి సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏ అనేది 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది కాబట్టి అంచనా తేలికైంది. పాతవాటిలో నెత్తురు ఉండదు, కానీ వేరే ముల్లు ఉంటుంది. ‘గుండమ్మ కథ’ నాకు ఎంత ఇష్టమంటే వరసలన్నీ నోటికొచ్చు. సూర్యకాంతం కొంగు దోపుకుని నిలబడితే చాలు, ఇల్లంతా నిండిపోతుంది. కానీ గర్విష్ఠి అయిన భార్యని భర్త దారిలో పెట్టే భాగం ఇవాళ్టి పిల్లలకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. మా వాడు అక్కడ ఆపి "ఇదేం న్యాయం?" అన్నాడు. ఆపాం, మాట్లాడుకున్నాం, మళ్లీ చూశాం. 1962 నాటి సినిమాని 1962 నాటిదిగానే చూపించండి. దాచక్కర్లేదు, వెనకేసుకు రావక్కర్లేదు.

హాలుకి వెళ్లాలా, ఇంట్లో చాలా

‘ఆర్ఆర్ఆర్’ లాంటిది హాల్లోనే చూడాలి, చిన్న సినిమా ఇంట్లో చాలు అని అందరూ అంటారు. మొదటి సగంతో ఏకీభవిస్తాను. రెండోదానితో కాదు. పెద్ద సినిమాకి దాని చప్పుడే కాపలా, ఇంట్లో ఎవరు కదిలినా అది మనల్ని వదలదు. మెల్లగా నడిచే సినిమాకే చీకటి ఎక్కువ అవసరం. ఇంట్లో డోర్‌బెల్ మోగితే, ఫోన్ వెలిగితే, ముందు చచ్చిపోయేది అలాంటి సినిమా. మీకు నచ్చే చిన్న సినిమా హాల్లో ఆడుతుంటే మొదటి వారంలోనే వెళ్లండి, రెండో వారానికి ఉంటుందో ఉండదో.

రీ-రిలీజుల విషయంలో నా సలహా ఒక్కటే: అంతకుముందు చూసిన సినిమా అయితేనే వెళ్లండి. అక్కడ ప్రతి డైలాగూ తెరకంటే ముందు జనం చెప్పేస్తారు. 2025లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మళ్లీ వచ్చినప్పుడు కొత్తగా చూసేవాళ్లని నేను ఇంట్లోనే ముందొకసారి చూసి వెళ్లమన్నాను. కథ తెలిశాక ఆ కేరింతల్లో మనమూ కలుస్తాం. తెలియకపోతే పక్కవాడి ఆనందం మనకి అడ్డం.

అసలుదా, రీమేకా

సస్పెన్స్ మీద నడిచేదైతే అసలుదే చూడండి. మొదట ఏది చూస్తే గుట్టు అక్కడే విప్పుకుంటుంది, రెండోదానికి మిగలదు. ‘దృశ్యం’ మలయాళంలో 2013లో వచ్చింది, తెలుగులో 2014లో వెంకటేష్‌తో. రెండూ చూశాను. తెలుగుది శ్రద్ధగా తీశారు. కానీ ముందు మలయాళంది చూసినందుకు సంతోషించాను. సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్లు పక్కనుంటే మాత్రం సంకోచం లేకుండా తెలుగుది పెట్టండి. ఆ కథ ఇంటిల్లిపాదీ ఒకేసారి ఊపిరి బిగబట్టి చూడాల్సింది. ‘సైకో’ (1960)ని 1998లో దాదాపు షాటుకి షాటు మళ్లీ తీశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, షాట్ అదే అయినంత మాత్రాన భయం అదే అవదని తెలుస్తుంది.

దీనికి దగ్గరిదే ఇంకో ప్రశ్న: ‘మహానటి’ ముందా, సావిత్రి సినిమాలు ముందా? సావిత్రి ముందు. కనీసం రెండు. ‘మాయాబజార్’లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడిచే నడక చూడండి. ఒంటిమీద పట్టుచీర, అడుగులో మాత్రం రంగారావు. గడ్డం కొంచెం పైకెత్తుతుంది, భుజం ఒకవైపు విరుస్తుంది, అంతలో ఎవరో వస్తే చటుక్కున సిగ్గుపడుతుంది. పెళ్లిపీటల దగ్గర రేలంగి కాలు తొక్కేటప్పుడు ముఖంలో అమాయకత్వం చెక్కుచెదరదు. అది చూసి, తర్వాత 2018 నాటి ‘మహానటి’ చూస్తే, ‘అహ నా పెళ్ళంట’ పాటని కీర్తి సురేష్ మళ్లీ అభినయించే చోట ఎంత సాధన ఉందో తెలుస్తుంది. జాతీయ పురస్కారం ఎందుకిచ్చారో వేరే చెప్పక్కర్లేదు. తిప్పి చూస్తే సావిత్రి ముఖంలో కీర్తి సురేష్‌ని వెతుక్కుంటాం, అది సావిత్రికి అన్యాయం.

ఇంకా తేల్చుకోలేకపోతే

రెండూ చూడండి, కానీ జతగా. నాకు బాగా కుదిరిన జత ‘మిస్సమ్మ’ (1955), ‘పెళ్లిచూపులు’ (2016). మొదటిదాంట్లో చదువుకుని ఉద్యోగాల్లేని ఇద్దరు, పంతులు కొలువు కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి ఒకే ఇంట్లో దిగుతారు. రెండోదాంట్లో పొరపాటు ఇంటికి పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయి, ఆ ఇంటి అమ్మాయి ఒక గదిలో చిక్కుకుపోతారు, తలుపు రాదు. రెండింట్లోనూ ప్రేమకంటే ముందు పని ఉంది, జీతమో వ్యాపారమో ఉంది. అలగడం, లెక్కలేసుకోవడం, ఒకరి పనితనం చూసి ఇంకొకరు మెత్తబడటం ఉంది. మధ్యలో అరవై ఒక్క ఏళ్లున్నాయి. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. ముందు పాతది, తర్వాత కొత్తది.

మా వాడు అలాగే చూశాడు. ‘పెళ్లిచూపులు’ అయ్యాక, ఆ గదిలో ఉన్నది సావిత్రీ ఎన్టీఆర్ అయితే ఎవరు ముందు మాట్లాడేవాళ్లు అని అడిగాడు. సావిత్రే అన్నాను. వాడు కాదన్నాడు. తేల్చుకోవడానికి ‘మిస్సమ్మ’ మొదటి అరగంట మళ్లీ పెట్టాం. ఈసారి రిమోట్ వాడే తీసుకుని పిక్చర్ సైజ్ సరిచేశాడు.